లాలాగూడ కిటికీలోంచి విన్న మెక్సికో పాట

(విశ్వవిద్యాలయ ప్రాంగణంలో జరిగిన మన సంఘం కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన రెండు సమ్మేళనాల్లోనూ నేను మాట్లాడింది కమ్యుటేషన్ గురించి, ఫ్యామిలీ పెన్షన్ కాగితాల గురించి. రెండుసార్లూ మూడో వరుసలో ఇద్దరు మిత్రులు హాయిగా నిద్రపోయారు. పేర్లు చెప్పను, ఈ రోజు కూడా అక్కడే కూర్చున్నారు. ఈసారి కార్యదర్శిగారు "పెన్షన్ మాట ఎత్తకుండా అరగంట మాట్లాడండి చూద్దాం" అన్నారు. అందుకని ఒక పాట గురించి మాట్లాడతాను. దాని పేరు 'బేసమే ముచో'. భాష స్పానిష్, పుట్టిల్లు మెక్సికో. పేరుకు అర్థం కాస్త ఆగి చెబుతాను, మనవలూ మనవరాళ్ళూ ఉన్నారు గనక.

గ్రంథాలయంలో క్యాటలాగు కార్డులు రాసుకున్నవాడికి మెక్సికో పాటతో ఏం పని అని మీకు సందేహం రావచ్చు. పని ఉంది. ఒక పెద్దమనిషికి నేను ఇచ్చిన మాట ఒకటి అందులో ఇరుక్కుని ఉంది.

మా నాన్నగారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మాది బెజవాడ వైపు. నాన్నగారి ఉద్యోగంతో ఇక్కడికి వచ్చి ఇక్కడి వాళ్ళమే అయిపోయాం. మా వరసకు ఎదుటి బంగళాలో ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు కుటుంబం ఉండేది. అందరూ ఆయన్ని గార్డు దొర అనేవారు. డ్యూటీ లేని సాయంత్రం కిటికీ తెరిచి గ్రామఫోను పెట్టేవాడు. ఆయనకు శాక్సఫోను వాయించడం వచ్చు. రికార్డు తిరుగుతుంటే దానితో పాటు తనూ అందుకునేవాడు. ఎక్కువసార్లు పెట్టేది ఈ పాటే. 1955 ప్రాంతం, నాకు పదకొండేళ్ళు. రికార్డులో మిగతా మాటలు ఇంగ్లీషు, పల్లవి దగ్గర మాత్రం "ముచో, ముచో" అని వినిపించేది. మా అమ్మ వంటింట్లోంచి, "ఎవర్రా ఆ ముచ్చు? రోజూ పిలుస్తారు, ఒక్కనాడూ దొరకడు!" అనేది. మా ఇంట్లో అది 'ముచ్చు పాట' అయిపోయింది. ఇప్పటికీ మా చెల్లెలు అలాగే అంటుంది.

ఇక పాట సంగతి.

దీన్ని కట్టినది కొన్సువేలో వెలాస్కెజ్ అనే స్త్రీ. చాలా ఏళ్ళు నేను దీన్ని ఎవరో అమెరికన్ దొర కట్టాడనుకున్నాను. రేడియోలో బ్యాండు పేరు చెప్పేవారు, పాట కట్టినవారి పేరు చెప్పేవారు కారు. ఆమె మెక్సికోలో హలిస్కో రాష్ట్రంలో పుట్టింది. పుట్టిన సంవత్సరం ఒక్కోచోట ఒక్కో రకంగా కనిపిస్తుంది. ఎక్కువమంది 1916 అంటారు, 1920 అన్నవారూ 1924 అన్నవారూ ఉన్నారు. సర్వీసు రిజిస్టరులో ఒక తేదీ, జాతకంలో ఒక తేదీ ఉన్నవాళ్ళం మనలో ఎంతమంది లేము! దాన్ని పట్టించుకోనక్కరలేదు. అయితే ఒక చిక్కుంది. పదహారేళ్ళు నిండకముందే ఈ పాట రాశానని, అప్పటికి తనను ఎవరూ ముద్దు పెట్టుకోలేదని ఆమె చెప్పేది. పాట లోకానికి తెలిసింది మాత్రం 1940 తర్వాత. 1916 లెక్క ప్రకారం అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. రాసి దాచుకుందో, వయసు తగ్గించి చెప్పిందో మనకెందుకు? ముద్దు ఎరగని పిల్ల ముద్దు మీద రాసిన పాట అన్నమాట బాగుంది, లోకం దాన్నే పట్టుకుంది.

అర్థం బయటపడిపోయింది చూశారా! అవును, 'బేసమే ముచో' అంటే ముద్దు పెట్టుకో, గట్టిగా, అని. మా అమ్మకు తెలిసి ఉంటే మా కిటికీ మూసేసేది.

ఆమె శాస్త్రీయంగా పియానో నేర్చుకున్న మనిషి. కచేరీలు చేసింది, మెక్సికో నగరంలో రేడియోలో వాయించింది. పియానో మీద ఆమె సాధన చేసిన సంగీతంలో స్పెయిన్ దేశపు ఎన్రిక్ గ్రనాదోస్ రచనలు ఉన్నాయి. ఆయన 'గోయెస్కాస్' అనే వరసలో ఒక కన్య, ఒక బుల్‌బుల్ పిట్ట మీద ఒక రచన ఉంది. బేసమే ముచో వరస దానికి చుట్టమని తెలిసినవారు అంటారు.  ఆ గ్రనాదోస్ చావు వింటే గుండె కలుక్కుమంటుంది. 1916 జనవరిలో న్యూయార్కులో ఆయన ఆపెరా ప్రదర్శించారు. తర్వాత అమెరికా అధ్యక్షుడి దగ్గర కచేరీ చేయడానికి ఆగిపోయి, తిన్నగా స్పెయిన్‌కు వెళ్ళే ఓడ వదులుకున్నాడు. ఇంగ్లండు మీదుగా వస్తుంటే మార్చి 24న ఇంగ్లిష్ చానల్‌లో జర్మన్ జలాంతర్గామి టార్పెడో ఆయన ఎక్కిన 'ససెక్స్' ఓడను కొట్టింది. నీళ్ళలో ఉన్న భార్యను కాపాడబోయి ఆమెతో పాటే మునిగిపోయాడు. ఆ ఏడాది ఆగస్టులోనే ఈ పిల్ల పుట్టిందని ఎక్కువమంది చెప్పే లెక్క.

ఈ రకం పాటను బొలేరో అంటారు. పుట్టింది క్యూబాలో, పందొమ్మిదో శతాబ్దం చివర. గిటారు మీద మెల్లగా నడిచే ప్రేమపాట. అక్కడినుంచి మెక్సికోకు వచ్చింది, 1930 తర్వాత రేడియో దాన్ని ఇంటింటికీ చేర్చింది. మన సంగీతం తెలిసినవారి కోసం ఒక మాట: బేసమే ముచో స్వరాలు కీరవాణికి దగ్గర. పాశ్చాత్యులు హార్మోనిక్ మైనర్ అనే స్కేలు, మన ఇరవై ఒకటో మేళం స్వరాలు అవే. మా అమ్మ ఆ ముచ్చును తిట్టుకుంటూనే కూనిరాగం తీయడానికి కారణం ఇదేనని నా అనుమానం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. స్పానిష్ పాటలో మొదటినుంచీ ఉన్నది సంతోషం కాదు, భయం. ఈ రాత్రితో సరి అన్నట్టు ఉండమని అడుగుతుంది, తర్వాత నిన్ను పోగొట్టుకుంటానేమోనని వణుకుతుంది. మధ్యలో వరస మారే చోట, అంటే మన చరణం అనుకోండి, నిన్ను దగ్గరగా చూసుకోవాలి, ఎందుకంటే రేపటికి నేను నీకు చాలా దూరంలో ఉంటానేమో అంటుంది. పాట గుండె అక్కడ ఉంది. ప్రయాణం రేపు, మాట్లాడుకోవడానికి ఈ రాత్రే.

1943–44లో దీనికి సన్నీ స్కైలర్ అనే ఆయన ఇంగ్లీషు మాటలు రాశాడు. ఆయన ఏం చేశాడంటే, సరిగ్గా ఆ చరణం దగ్గర, రేపటి ఎడబాటు ఉన్నచోట, ఇలాంటి ఆనందం నాకు కొత్త, నిన్నిలా దగ్గరకు తీసుకుంటాననుకోలేదు అన్న ధోరణి పెట్టాడు. నువ్వు వెళ్ళిపోతే నా బతుకేమిటన్న మాట ఆఖరున ఒకటి వస్తుంది గాని, రేపటి ప్రయాణం మాత్రం పాటలోంచి పోయింది. ఆయన్ని తప్పు పట్టలేం. వరసకు అక్షరాలు సరిపోవాలి, నోరు తిరగాలి, రికార్డు అమ్ముడుపోవాలి. శ్రీశ్రీగారు 1950లో 'ఆహుతి' సినిమాకు తెలుగు మాటలు, పాటలు రాసినప్పుడు హిందీ నటుల పెదవుల కదలికకు తెలుగు అక్షరాలు అతికించడానికి పడ్డ పాట్లు మనం చదువుకున్నాం. పైగా మనం పనిచేసిన విశ్వవిద్యాలయమే తర్జుమా మీద నిలబడింది. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఇది మొదలుకావడానికి ఏడాది ముందే అనువాద సంస్థ పెట్టారు, పాఠ్యపుస్తకాలన్నీ తర్జుమా చేయించారు. ఆ పాత పుస్తకాలకు కార్డులు రాసిన చేతులివి. రసాయనశాస్త్రం తర్జుమా చేస్తే ఆమ్లం ఆమ్లంగానే ఉంటుంది. పాట అలా ఉండదు.

స్కైలర్ మాటలతో జిమ్మీ డార్సీ బ్యాండు రికార్డు ఇచ్చింది. బాబ్ ఎబర్లీ, కిటీ కాలెన్ పాడారు. 1944లో అమెరికాలో అది మొదటి స్థానంలో నిలిచింది. ఏ సంవత్సరమో గమనించండి. లక్షలమంది కుర్రవాళ్ళు ఓడలెక్కి యుద్ధానికి పోతున్నారు. ఇంగ్లీషు మాటల్లో ప్రయాణం లేకపోయినా రైల్వే ప్లాట్‌ఫారాల మీద, రేవుల్లో ఆ పాట విన్నవాళ్ళకు అందులో ఏముందో ఒకరు చెప్పాలా? గార్డు దొర దగ్గరున్నది డార్సీ రికార్డే. డార్సీ కూడా శాక్సఫోను వాయించేవాడే గనక మా దొరకు ఆయన మీద గురుభక్తి.

ఆ తర్వాతే ఇది జాజ్ స్టాండర్డ్ అయింది. స్టాండర్డ్ అంటే ఏమిటో మనకు సులభంగా అర్థమవుతుంది. ఒకే కీర్తనను పదిమంది విద్వాంసులు పాడతారు. సంగతులు ఎవరివి వారివి, కల్పనస్వరాలు ఆ పూటకు ఆ పూటే పుడతాయి, కీర్తన మాత్రం అదే. జాజ్‌వాళ్ళకూ అలా అందరికీ తెలిసిన పాటలు కొన్ని ఉంటాయి. ముఖపరిచయం లేని నలుగురు ఒక రాత్రి ఒక వేదిక మీద కలిసినా, పాట పేరు, శ్రుతి చెప్పుకుంటే చాలు, మొదలుపెట్టేస్తారు. ముందు వరస వాయించి, తర్వాత ఒక్కొక్కరు తమ మనోధర్మం చూపించి, మళ్ళీ వరసకు వస్తారు. ఆర్ట్ పెప్పర్ శాక్సఫోను మీద, వెస్ మాంట్‌గొమరీ 1963లో గిటారు మీద ఈ పాటను రికార్డు చేశారు. బ్రెజిల్ గాయకుడు జువావ్ జిల్‌బెర్తో 1977లో గుసగుసలాడుతున్నట్టు స్పానిష్‌లోనే పాడాడు. వీళ్ళందరిలో నాకు ఆయనే ఇష్టం. మా మనవడికి పెప్పర్ ఇష్టం. ఈ విషయంలో ఇంట్లో రాజీ లేదు.

బీటిల్స్ సంగతి కూడా చెప్పాలి, లేకపోతే వెనక వరసలోని పిల్లలు ఊరుకోరు. 1962 జనవరి 1న వాళ్ళు లండన్‌లో డెకా కంపెనీకి పరీక్ష ఇచ్చినప్పుడు పాడిన పదిహేను పాటల్లో ఇదొకటి. కంపెనీవారు వాళ్ళు పనికిరారని పంపేశారు. ఇంటర్వ్యూలో పోయినవాళ్ళెవరూ దిగులు పడనక్కరలేదు.

మన చెవులకు ఈ లాటిన్ దరువు కొత్తేమీ కాదు. బొంబాయి స్టూడియోల్లో గోవా వాద్యకారులు ఉండేవారు, చిక్ చాకొలెట్ లాంటివాళ్ళు. వాళ్ళ చేతిమీదుగా అది హిందీ పాటల్లోకి వచ్చింది. 1950లో 'సమాధి' సినిమాలో సి. రామచంద్ర కట్టిన 'గోరే గోరే' పాటకు, 1945 హాలీవుడ్ సినిమా 'డాల్ ఫేస్'లో కార్మెన్ మిరాండా పాడిన పాటకు ఉన్న పోలిక విన్నవాళ్ళకు తెలుసు. పాట ఊరు దాటితే ఇలాగే ఉంటుంది. 'మిస్సమ్మ'లో సాలూరి రాజేశ్వరరావుగారు కట్టిన బృందావనం పాట వరస, 1957లో హిందీ 'మిస్ మేరీ'లో వినిపించింది. ఆ సినిమాకు సంగీత దర్శకుడు హేమంత్ కుమార్. మనం 'మా సాలూరి వరస' అంటాం, ఉత్తరాదివాళ్ళు దాన్ని తమ పాటే అనుకుని పాడుకుంటారు. మన తార్నాక పేరే చూడండి. తార్ అంటే తీగ, నాకా అంటే చౌకీ. ఆ రెండూ కలిసి తార్నాక అయిందంటారు. ఇప్పుడా తీగా లేదు, చౌకీ లేదు.

ఇక నా బాకీ సంగతి.

1966లో నాకు గ్రంథాలయంలో ఉద్యోగం వచ్చింది. గార్డు దొర ఎంతో సంతోషించాడు. "నీకేం మ్యాన్, ఇప్పుడు బుక్స్ అన్నీ నీ దగ్గరే. ఈ సాంగ్ అసలు మాటలకు మీనింగ్ చూసి చెప్పు. ఈ ఇంగ్లీషు దానికి సరిపోదు" అన్నాడు. ఆయనకు స్పానిష్ ఒక్క ముక్క రాదు. మాటలు వరసకు సరిపోవడం లేదని వాయించే చెవికి ఎలాగో తెలిసింది. తప్పకుండా చెబుతానన్నాను.

చెప్పలేదు. మొదట నిఘంటువు తీశాను గాని, పాట మాటలు స్పానిష్‌లో నా దగ్గర ఉంటే కదా! తర్వాత చూద్దాంలే అనుకున్నాను. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల ఆంగ్లో ఇండియన్ ఇళ్ళు ఒక్కొక్కటీ ఖాళీ అవుతున్నాయి. అందరూ ఆస్ట్రేలియా వెళుతున్నారు. 1969లో వీళ్ళకూ కాగితాలు వచ్చాయి. దొర, భార్య, కూతురు వెళ్ళాలి. దొర తల్లి, మేమంతా గ్రానీ అని పిలిచే ముసలమ్మ, రానంది. మొగుడి సమాధి ఇక్కడ ఉంది, నేను ఎక్కడికీ రాను అని కూర్చుంది. ఆమెను సికింద్రాబాదులో బంధువుల ఇంట్లో ఉంచే ఏర్పాటు చేశారు.

వెళ్ళే ముందు శనివారం రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సు. మమ్మల్ని లోపలికి రానిచ్చేవారు కాదు. బయట వేపచెట్టు కింద నిలబడి చూశాం. గ్రానీని కుర్చీలో కూర్చోబెట్టి తెచ్చారు. దొర అన్నిటికన్నా ఆఖరున ఈ పాట వాయించాడు. ఎవరూ పాడలేదు, శాక్సఫోను ఒక్కటే. చరణం వరకు వచ్చి, ముందుకు పోకుండా, ఆ చరణాన్నే రెండు మూడుసార్లు తిప్పి తిప్పి వాయించాడు. జతలు డాన్సు ఆపి నిలబడిపోయాయి. నాకు అప్పుడు అది వాద్యకారుడి చమత్కారం అనిపించింది. సోమవారం బొంబాయి రైలెక్కించి వచ్చాం. కిటికీలోంచి చెయ్యి ఊపుతూ, "మీనింగ్ రాయడం మరచిపోకు, మ్యాన్" అన్నాడు. గ్రానీ రెండేళ్ళు బతికింది. ఆయన తిరిగి రాలేదు.

మన ప్రాంగణానికి ఆనుకునే 1958 నుంచి ఇంగ్లీషు సంస్థ ఉంది. 1972లో విదేశీ భాషలు కూడా చేర్చి సీఫెల్ అయింది, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమై ఇఫ్లూ అయింది. నేను ముప్పై ఏళ్ళు ఆ గేటు ముందునుంచి రోజుకు రెండుసార్లు బస్సులో వెళ్ళాను. గేటులోకి మాత్రం వెళ్ళలేదు. రిటైరయిన మరుసటి ఏడాది, 2003లో, మా మనవరాలి దరఖాస్తు ఫారం కోసం వెళితే స్పానిష్ విభాగం బోర్డు కనబడింది. సిగ్గుపడుతూనే లోపలికి వెళ్ళి, అక్కడున్న అధ్యాపకురాలిని అడిగాను. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో ఆ అమ్మాయికి. "తాతగారూ, ఈ పాటా? కూర్చోండి" అని పదిహేను నిమిషాల్లో ఒక్కొక్క మాటా చెప్పింది. చరణం దగ్గరకు వచ్చేసరికి నేను రాసుకోవడం ఆపేశాను. రేపు నేను నీకు దూరంగా, చాలా దూరంగా ఉంటానేమో అన్నది ఆయన ఆ రాత్రి తిప్పి తిప్పి వాయించిన చోటే. తల్లి ఎదురుగా కుర్చీలో ఉంది.

పదిహేను నిమిషాల పని. ముప్పై ఏడేళ్ళు వాయిదా వేశాను.

పాత సహోద్యోగుల ద్వారా అడ్రసు సంపాదించి పెర్త్ నగరానికి ఉత్తరం రాశాను, అర్థమంతా ఇంగ్లీషులో విడిగా రాసి జత చేశాను. జవాబు కూతురు ఇచ్చింది. ఆయన పోయి అప్పటికి ఆరేళ్ళు. వాళ్ళమ్మకు ఆ కాగితం చదివి వినిపించిందట. "నాన్న ఈ పాట మధ్యలో ఎప్పుడూ ఎందుకు ఆగిపోయేవాడో మాకు తెలిసేది కాదు" అని రాసింది. లాలాగూడలో ఆ ఇల్లు ఉందా, కిటికీ ఏ రంగులో ఉంది అని అడిగింది. వెళ్ళి చూసి రాశాను. ఇల్లు ఉంది. ఆకుపచ్చ కిటికీకి ఇప్పుడు నీలం రంగు వేశారు.

కొన్సువేలో వెలాస్కెజ్ తర్వాత మెక్సికో పార్లమెంటులో 1979 నుంచి 1982 వరకు సభ్యురాలిగా కూడా ఉన్నారు. 2005 జనవరి 22న కన్నుమూశారు. ఆ వార్త పత్రికలో చిన్నదిగా వచ్చింది. కత్తిరించి నా డైరీలో పెట్టుకున్నాను, కావాలన్నవారు భోజనాల దగ్గర చూడవచ్చు.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. మా మనవడు ఫోను, స్పీకరు పెట్టె తెచ్చాడు. ముందు డార్సీ రికార్డు వేస్తాడు, తర్వాత మాటలు లేకుండా పెప్పర్ వాయించింది, ఆఖరున నా మాట నెగ్గించుకుని జిల్‌బెర్తో. చరణం ఎక్కడ వస్తుందో నేను చెయ్యెత్తి చూపిస్తాను. మూడో వరుసవారిని కాస్త లేపండి. కరెంటు పోకముందే విందాం.